ఓడలో విందుకి ఏ చీర?

పెళ్ళికి కంచిపట్టు, పేరంటానికి వెంకటగిరి, గుడికి ఉతికి ఆరేసిన నేతచీర, రైలు ప్రయాణానికి నలగని సింథటిక్ చీర. ఏ సందర్భానికి ఏది కట్టుకోవాలో మనకి ఎవరూ బడి పెట్టి నేర్పలేదు. అమ్మ, అత్తగారు కట్టుకుంటుంటే చూసి పట్టుకున్న విద్య అది. అలాంటి మనకి కూడా ఈమధ్య ఒక కొత్త సందేహం వచ్చిపడింది. ఓడలో రాత్రి భోజనానికి ఏం కట్టుకోవాలి?

నవ్వకండి. మన నాయనమ్మల కాలంలో ఓడంటే రంగం వెళ్ళే ఓడే. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో ఎక్కి, డెక్కు మీద చాప పరుచుకుని, కూలి కోసం వెళ్ళేవాళ్ళు జనం. భోజనానికి ఏం కట్టుకొచ్చావని అడిగినవాడు లేడు. ఇప్పుడు ఓడ విహారానికి వచ్చింది. 2022 జూన్ లో కార్డీలియా కంపెనీ వారి 'ఎంప్రెస్' ఓడ విశాఖ రేవుకి వచ్చి మనవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళింది. 1990లో కట్టిన పదకొండు అంతస్తుల ఓడ అది. 2023 సెప్టెంబరులో విశాఖలో ఇలాంటి ఓడల కోసమే ఒక టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఏలూరులో రైలెక్కితే విశాఖ ఎంత దూరం గనక! ఇక అమెరికాలో పిల్లలున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాశీ, తిరుపతి తిప్పిన పిల్లలే "అమ్మా, ఈసారి క్రూయిజ్ కి వెళ్దాం" అంటున్నారు.

తాడేపల్లిగూడెంలో నాకు వరసకి పిన్నిగారు ఒకావిడ ఉన్నారు. అరవై దాటాయి. పెళ్ళినాటి నుంచీ చీర తప్ప మరొకటి ఎరగరు. కొడుకూ కోడలూ ఉండేది అమెరికాలో. వాళ్ళు ఈ ఇద్దర్నీ రమ్మని, అక్కణ్ణించి ఏడు రోజుల ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నారు. పిన్నిగారు సంబరపడ్డారు. నాలుగు రోజుల తరవాత కోడలు వాట్సాప్ లో ఓడవాళ్ళ కాగితం పంపింది. అందులో "ఫార్మల్ నైట్స్ - 2" అని ఉంది. దాని కింద, "అత్తయ్యగారూ, ఆ రెండు రాత్రులకీ మీకు గౌను ఆర్డరు చేసేస్తున్నాను, కొలతలు చెప్పండి" అని ఒక కబురు.

అంతే, ఆవిడకి నిద్రపట్టలేదు. మర్నాడే నాకు ఫోను.

"గౌనేమిటే అమ్మాయ్ నాకు, ఈ వయసులో! వద్దంటే కోడలికి కోపం వస్తుందేమో. చీర కట్టుకుని వెళితే గుమ్మం దగ్గర ఆపేస్తారేమో. ఈ గొడవంతా ఎందుకు, ఆ రెండు రాత్రులూ గదిలోనే ఇంత పెరుగన్నం తిని పడుకుంటాను. మీ బాబాయిగార్ని పంపిస్తాలే."

చూశారా! కొడుకు అంత ఖర్చుపెట్టి తీసుకెళ్తుంటే, అందరూ కూచుని తినే రెండు రాత్రులూ తల్లి గదిలో ఉండిపోవడానికి సిద్ధపడింది. కారణం ఒంట్లో నలత కాదు, ఒంటి మీద గుడ్డ! అందుకే ఈ వారం ఈ సంగతి మాట్లాడుకుందాం అనిపించింది.

ఆ మాటలకి అర్థం ఏమిటంటే...

ఓడవాళ్ళ కాగితంలో మూడు మాటలు కనిపిస్తాయి. 'క్యాజువల్' అంటే మామూలుగా ఉండొచ్చని. మనం బజారుకో, చుట్టాలింటికో వెళ్ళేటప్పుడు కట్టుకునేది చాలు. 'స్మార్ట్ క్యాజువల్' అంటే కాస్త శుభ్రంగా, పొందిగ్గా, పేరంటానికి వెళ్ళినట్టు అనుకోండి. 'ఫార్మల్' అంటే పెళ్ళి రిసెప్షన్ అనుకోండి. మగవాళ్ళు సూటు వేసుకుంటారు, ఆడవాళ్ళు పొడుగు గౌన్లు వేసుకుంటారు. ఫోటోలు తీసేవాళ్ళు మెట్ల దగ్గర నిలబెట్టి ఫోటోలు తీస్తారు. కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవచ్చు.

అన్ని ఓడల పద్ధతీ ఒకటి కాదు. ఇది ముందు తెలుసుకోవాలి. క్యూనార్డ్ అని ఇంగ్లీషువాళ్ళ పాత కంపెనీ ఒకటుంది. వాళ్ళకి 'గాలా ఈవినింగ్' అంటే చాలా పట్టింపు. సాయంత్రం ఆరు దాటితే ఓడలో చాలా చోట్ల ఆ వేషంలోనే తిరగాలి. కార్నివాల్ కంపెనీ ఓడల్లో రెండు నుంచి అయిదు రోజుల ప్రయాణానికి ఒక రాత్రి, ఆరు రోజులూ అంతకి మించితే రెండు రాత్రులూ కాస్త ముస్తాబు కావాలంటారు. నార్వీజియన్ అనే కంపెనీ అయితే అసలు ఫార్మల్ గా రావాలన్న నియమమే లేదంటుంది.  మన విశాఖ నుంచి వెళ్ళిన ఓడలాంటి వాటిలో ఎక్కేది మనవాళ్ళే కనక చీర గురించి అడిగేవాళ్ళు ఉండరు.

ఇంకొక ధైర్యం చెబుతాను. ఎంత పట్టింపున్న ఓడలోనైనా ఆ నియమం పెద్ద భోజనాల హాలుకీ, మరి కొన్ని చోట్లకీనూ. ఎవరికి వాళ్ళు వడ్డించుకుని తినే బఫే ఒకటి వేరే ఉంటుంది. అక్కడికి మామూలు బట్టల్లో వెళ్ళి తినొచ్చు. కాబట్టి ఆకలితో పడుకునే ప్రమాదం ఎవరికీ లేదు. కానీ పిల్లలు పెద్ద హాల్లో కూచుంటే మనం బఫేలో ఒంటరిగా తినడం ఏం బావుంటుంది చెప్పండి!

చీర నడుస్తుందా?

నడుస్తుంది. నడవడమే కాదు, దర్జాగా నడుస్తుంది. ఇందాక చెప్పిన క్యూనార్డ్ వాళ్ళే, ఎవరి దేశానికి తగ్గ సంప్రదాయ దుస్తుల్లో వాళ్ళు గాలా రాత్రికి రావచ్చునని తమ నియమాల్లో రాసుకున్నారు. స్కాట్లండు మగవాళ్ళు గళ్ళ లంగాలాంటి 'కిల్ట్' కట్టుకుని వస్తారు. వాళ్ళ కిల్ట్ కి ఉన్న గౌరవం మన పట్టుచీరకి ఉండదా?

పిన్నిగారి భయం మరీ ఉత్తిది అని కూడా అనను. 2021 సెప్టెంబరులో ఢిల్లీలో ఒక రెస్టారెంటులో చీర 'స్మార్ట్ క్యాజువల్' కిందికి రాదని అన్నారంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. ఆ రెస్టారెంటువాళ్ళు అసలు జరిగింది వేరు అన్నారు. జాతీయ మహిళా కమిషన్ కూడా కలగజేసుకుంది. మగవాళ్ళ పంచెకీ ఈ తిప్పలు తప్పలేదు. 2014లో చెన్నైలో ఒక క్లబ్బులో పంచెకట్టుతో వచ్చిన హైకోర్టు జడ్జిగారినే లోపలికి రానివ్వలేదు. ఆ గొడవ పెద్దదై, పంచె కట్టుకున్నవాళ్ళని అడ్డుకోకూడదని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది చట్టం చేసింది. మన దేశంలోనే ఇలాంటివి జరిగినప్పుడు పైదేశం వెళ్ళే మనిషి జంకడంలో వింతేముంది? అందుకే ఊహల్లో ఉండకుండా ముందే అడిగెయ్యాలి. టిక్కెట్టు కొన్నచోటే "ఫార్మల్ రాత్రికి పట్టుచీర, పంచె లాల్చీ కట్టుకోవచ్చా?" అని ఒక ముక్క రాసి, జవాబు ఫోనులో దాచుకోండి. కాగితంలో జవాబు చేతిలో ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

అసలు ఓడకీ మన బట్టకీ చుట్టరికం ఈనాటిదా? మన కొల్లేటికి ఇవతల మనం, అవతల బందరు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగింది మన అద్దకం బట్ట కోసమే. ఓడల్లో వెళ్ళిన ఆ రంగురంగుల నూలుబట్టని అక్కడి దొరసానులు ఎంత ఇష్టపడ్డారంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో తమ జనం అలాంటి నూలుబట్ట కట్టుకోకూడదని చట్టం చేసింది. చట్టం పెట్టి ఆపాల్సి వచ్చిందంటే ఆ బట్ట అందం ఎలాంటిదో మీరే ఊహించుకోండి. నాలుగువందల ఏళ్ళ నాడే ఓడెక్కిన బట్ట మనది. ఇప్పుడు దాన్ని కట్టుకుని మనం ఎక్కితే సిగ్గెందుకు?

1931లో గాంధీగారు 'రాజపుతానా' అనే ఓడలోనే లండను వెళ్ళారు. బకింగ్ హాం రాజభవనంలో తేనీటి విందుకి పిలిస్తే కొల్లాయి గుడ్డతో, పైన శాలువాతోనే వెళ్ళారు. రాజుగారి ఇంటి నియమాల ముందు ఈ ఓడవాళ్ళ నియమాలు ఏపాటివి!

ఓడ గుణం తెలుసుకోవాలి

చీర కట్టుకోవచ్చు సరే, ఏ చీరైనా పనికొస్తుందా? రాదు. చీర ఎంచుకునేటప్పుడు చూడవలసింది పక్కవాళ్ళ చూపుని కాదు, ఓడ గుణాన్ని.

మొదటిది గాలి. డెక్కు మీద సముద్రపు గాలి పైటని నిలవనివ్వదు. భుజం మీద ఒక పిన్నీసు, నడుం దగ్గర ఒకటి తప్పదు.

రెండోది చలి. భోజనాల హాలు ఏసీ మన సినిమా హాలు కన్నా ఎక్కువే ఉంటుంది. చేతులున్న జాకెట్టు, పైన ఒక పల్చటి శాలువా ఉంచుకోండి. బయట ఉక్కపోత, లోపల చలి. రెంటికీ తట్టుకునేది నూలూ పట్టూ కలిసిన నేత.

మూడోది ఊపు. పెద్ద ఓడలకి నీళ్ళ కింద రెక్కల్లాంటివి ఉండి ఊపు తగ్గిస్తాయి కానీ, అసలు లేకుండా పోదు. ఎత్తు మడమల చెప్పులు వద్దే వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న చదును చెప్పులు మేలు. కుచ్చెళ్ళు నేలమీద జీరాడకుండా చీలమండ దాకా కట్టుకోండి. డెక్కు మీదికి వెళ్ళే తలుపుల దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. కుచ్చెళ్ళు చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని దాటాలి.

ఈ ఒడుపు మనకి కొత్తేం కాదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి పడవల మీద వెళ్ళిన మన పెద్దవాళ్ళంతా చీరల్లోనే ఎక్కారు, చీరల్లోనే దిగారు. చంకలో పిల్లాడు, చేతిలో పొంగలి గిన్నె, అయినా కుచ్చెళ్ళు తడవనివ్వలేదు! కుచ్చెళ్ళు దోపుకుని, పైట చుట్టి బొడ్లో దోపి, అప్పుడు పడవలో కాలు పెట్టేవారు. ఆ తెలివే ఇక్కడా పనికొస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ దగ్గర 'కోస్టా కాంకోర్డియా' అనే విహారపు ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. అప్పుడు టైము దాదాపు పావుతక్కువ పది. చాలామంది భోజనాల బల్లల దగ్గరే ఉన్నారు. అంటే విందు బట్టల్లోనే ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగెత్తారన్నమాట. ఆ ప్రమాదం తరవాత నియమం గట్టిపడింది. ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే, ప్రయాణికులందరికీ ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చెప్పాలని 2015 నుంచి ఖాయం చేశారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి మన జిల్లాలవాళ్ళం మరిచిపోగలమా? భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ డ్రిల్లుకి తప్పకుండా వెళ్ళండి. అద్దం ముందు నిలబడ్డప్పుడు "ఈ చీరతో నేను గబగబా మెట్లు దిగగలనా?" అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. దిగగలిగితే అదే సరైన చీర. రాత్రి పడుకునేటప్పుడు ఒక చుడీదారు, చెప్పులు మంచం పక్కనే పెట్టుకోండి. అలారం మోగితే చీర కట్టుకుంటూ కూచునే టైం ఉండదు.

మరి ఏ చీర?

కిలో బరువుండే పెళ్ళిపట్టుచీర ఇంట్లోనే ఉంచండి. పెట్టెలో చోటు తింటుంది, ఉప్పుగాలికి జరీ నల్లబడుతుందని బెంగ, సూపు చుక్క పడితే ఇక ఆ రాత్రంతా ఏడుపే.

ఫార్మల్ రాత్రికి నా ఓటు ఉప్పాడ జాందానీకి. పట్టు మెరుపు ఉంటుంది, బరువుండదు, మడిస్తే ఇంతే అవుతుంది. రెండో రాత్రికి ముదురు రంగు పోచంపల్లి పట్టు. ముదురు రంగు మీద మరక కనపడదు. స్మార్ట్ క్యాజువల్ రోజుల్లో మంగళగిరి నిజాం అంచు, వెంకటగిరి నూలు, పెడన కలంకారీ - ఏదైనా భేషుగ్గా ఉంటుంది. గంజి మాత్రం పెట్టించకండి. పెట్టెలో నలిగితే గంజి చీర ముడతలు తీయడం మన వల్ల కాదు. జార్జెట్టు, క్రేపు చీరలున్నవాళ్ళకి అసలు చింతే లేదు. హాంగరుకి తగిలిస్తే రాత్రికి ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి.

కొత్తవి కొనాలా? అక్కర్లేదు. బీరువాలో ఉన్నవే తీసి చూడండి. ఫార్మల్ రాత్రికి కావలసింది ఖరీదు కాదు, పొందిక. అదే చీరకి ఒక మంచి జాకెట్టు కుట్టించుకుంటే సగం పండగ. చీర మార్చకుండా జాకెట్టు మారిస్తే రెండు రాత్రులకి ఒకే చీర సరిపోతుంది కూడా.

కట్టుకోవడం కష్టమనిపిస్తే ఈమధ్య ఊళ్ళలో కుచ్చెళ్ళు, పైట మడతలు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి ఇస్తున్నారు. ఓడలో స్నానాల గది మన పూజగదంత ఉంటుంది. అందులో ఆరు గజాలు చుట్టుకోవడం కన్నా ఇది నయం. 1960లలో ఎయిర్ ఇండియా హోస్టెస్ లకి చీర యూనిఫాం అయింది. ఎగిరే విమానంలో ట్రేలు మోస్తూ ఏళ్ళ తరబడి చీరల్లోనే పనిచేశారు వాళ్ళు. 2023 డిసెంబరులో వచ్చిన వాళ్ళ కొత్త యూనిఫాంలో కూడా చీర ఉంది, కాకపోతే సిద్ధంగా కుట్టిన చీర. కావాలన్నవాళ్ళు ప్యాంటు మీద కూడా వేసుకోవచ్చట. అంటే కట్టు మారినా చీర పోలేదు.

గౌను వేసుకుంటే తప్పా?

ఎంతమాత్రం తప్పు కాదు. ఇది చదివి ఏ అత్తగారూ కోడలి మీదికి వెళ్ళకండి. కొందరికి చీర హాయి, కొందరికి చుడీదారు హాయి. నలభై ఏళ్ళుగా గౌను వేసుకోవాలని మనసులో ఉన్నా ఊళ్ళో ఎవరేమంటారోనని ఊరుకున్న ఇల్లాలు ఉంటే, ఆవిడ ఓడలోనైనా సరదా తీర్చుకోనివ్వండి. ఎవరూ వేలెత్తి చూపకూడదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, మెట్లెక్కలేనివాళ్ళకి పట్టు అనార్కలీనో, మంచి సల్వార్ సెట్టో చీర కన్నా సుఖం. అది కూడా ఫార్మల్ కిందికే వస్తుంది.

బట్ట మన మీద ఉండాలి గానీ మనం బట్ట కింద నలిగిపోకూడదు. కూచుంటే ఊపిరాడకుండా, లేస్తే ఎక్కడ జారుతుందోనని తడుముకుంటూ ఉంటే తిన్నది ఒంట పట్టదు. మనం ఇబ్బంది పడుతుంటే పక్కన కూచున్న పిల్లలకీ ముద్ద దిగదు.

పిన్నిగారికి నేను చెప్పింది ఒకటే. "నాతో కాదు పిన్నిగారూ, కోడలితో మాట్లాడండి. కోపం వస్తుందో రాదో మీరెందుకు ఊహించుకోవడం?" ఆవిడ రెండు రోజులు నసిగి, చివరికి ఫోను చేశారు. "అమ్మా, నాకు గౌను అలవాటు లేదు. ఉప్పాడ చీర కట్టుకుంటే నీకేమన్నా నామోషీగా ఉంటుందా?" అని సూటిగా అడిగేశారు. కోడలు ఏమందో తెలుసా? "అయ్యో అత్తయ్యగారూ! అందరూ గౌన్లలో ఉంటే మీరొక్కరే చీరలో ఇబ్బంది పడతారేమోనని నేను అలా అన్నాను. మీరు హాయిగా చీర కట్టుకోండి. నేను మాత్రం గౌనే వేసుకుంటాను, మీరేమీ అనుకోకండి!"

అదీ సంగతి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు భయపడ్డారు. కోడలే ఓడవాళ్ళకి రాసి, చీర కట్టుకోవచ్చని జవాబు తెప్పించి పంపింది. గౌను ఆర్డరు ఆగిపోయింది. పిన్నిగారు రెండు జాకెట్లు కుట్టించుకున్నారు. బాబాయిగారు సూటు అద్దెకి తీసుకోవాలా అన్నారు గానీ, పెళ్ళిళ్ళకి కట్టుకునే పట్టుపంచె, లాల్చీ చాలని వాళ్ళబ్బాయే చెప్పాడు.

బల్ల దగ్గర

కూచోగానే బేరరు చేతిగుడ్డ విప్పి ఒళ్ళో వేస్తాడు. కంగారుపడకండి, అది చీర కాపాడడానికే. పైటకొంగు కుడిచేతి మీదికి లాక్కుని ఒళ్ళో ఉంచుకుంటే సూపులో మునగదు. ఒక్కొక్క వంటకం ఒక్కోసారి వస్తుంది. తొందరేం లేదు. ఫోర్కు రాకపోతే చెంచాతో తినండి. ఎవరూ మార్కులు వేయరు. శాకాహారులైతే టిక్కెట్టు కొనేటప్పుడే రాయించండి. ఓడెక్కాక మొదటి రాత్రే బేరరుకి ఇంకోసారి చెప్పండి.

బల్లల మీద లేసు అల్లిక గుడ్డలు ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి వేలితో తాకి చూడండి. మన నరసాపురం, పాలకొల్లు వైపు అక్కచెల్లెళ్ళు ఇళ్ళలో కూచుని, సూదితో అల్లే లేసు దశాబ్దాల తరబడి ఓడలెక్కి యూరపు, అమెరికా వెళ్తోంది. మారియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం వచ్చి, వీళ్ళ బతుకుల మీద 1982లో ఒక పుస్తకమే రాశారు. ఇంటి పనుల మధ్యలో ఖాళీగా కూచుని చేస్తున్నారన్న పేరుతో ఆ ఆడవాళ్ళ కష్టాన్ని పని కింద లెక్కవేయలేదనీ, కూలి మరీ తక్కువనీ ఆవిడ చెప్పారు. ఆ లేసు పరిచిన బల్ల దగ్గర, ఆ చేతులున్న ఊళ్ళ మనిషి చీర కట్టుకుని కూచుంటే ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ?

పెట్టె సర్దుకునేటప్పుడు

* ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళకండి. నిప్పు భయంతో చాలా ఓడల్లో రానివ్వరు. డబ్బిస్తే వాళ్ళే ఇస్త్రీ చేసి ఇస్తారు. అగరొత్తులు, కొవ్వొత్తులు కూడా వద్దంటారు. దణ్ణం పెట్టుకోవడానికి దేవుడి పటం చాలు.
* పెద్ద పెట్టె రేవులోనే తీసేసుకుంటారు. గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మొదటి రాత్రికి కట్టుకునే చీర, మందులు, పిన్నీసులు చేతిసంచిలో పెట్టుకోండి.
* ఏడు రోజులకి ఆరు చీరలు చాలు. ఫార్మల్ కి రెండు, మిగతా రాత్రులకి నాలుగు. పగటికి మూడు చుడీదార్లు. లంగాలు రెండు ముదురు రంగువి, ఒకటి లేత రంగుది ఉంటే అన్నిటికీ సరిపోతాయి.
* గదిలో బీరువా చిన్నది. ఓడ గోడలు ఇనుప రేకువి కనక అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే అతుక్కుంటాయి. చీరలు తగిలించుకోవడానికి బావుంటుంది.
* పట్టుచీరని పాత నూలుగుడ్డలో చుట్టి, జరీ లోపలికి వచ్చేలా మడవండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి వారం రోజులు మూసేయకండి.
* నగలు మెడలో ఒకటి, చేతులకి రెండు చాలు. మిగతావి ఊళ్ళో లాకరులోనే మంచిది. గదిలో చిన్న ఇనప్పెట్టె ఉంటుంది, వాడుకోండి.
* ఘాటు సెంటు, బారెడు మల్లెదండ వద్దు. ఓడ ఊగితే పక్కవాళ్ళకి వికారం. ఒక మూర చాలు.
* చీర మీద నూనె మరక పడితే రుద్దకండి. కాస్త టాల్కం పౌడరు చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున దులిపెయ్యండి.

ప్రయాణానికి వారం ముందు ఇంట్లోనే ఒకసారి ఆ చీర కట్టుకుని, ఆ చెప్పులేసుకుని, మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. కుర్చీలో కూచుని కడుపునిండా భోంచేయండి. అప్పుడూ హాయిగానే ఉంటే ఇక ఏ ఓడకీ భయపడక్కర్లేదు.

మీలో ఎవరైనా ఓడ ప్రయాణం చేసి ఉంటే, ఏ చీర కట్టుకున్నారో, ఏది సుఖంగా ఉందో ఒక ఉత్తరం ముక్క రాయండి. మిగతా వాళ్ళకి పనికొస్తుంది. పైవారం మళ్ళీ కలుసుకుందాం.